కుట్రకు సెలవు ఉండదు

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త బ్యాంకు తనిఖీ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు.)

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చే ముందు రామకృష్ణా బీచిలో కాసేపు కూర్చున్నాను. కురుసుర జలాంతర్గామిని చూడటానికి పిల్లలు టికెట్ల వరుసలో నిలబడి ఉన్నారు. వాళ్లకు ఎవరైనా చెప్పారో లేదో గానీ, మన ఊరు ఒకప్పుడు ఒక పెద్ద గూడుపుఠాణిలో పాలుపంచుకుంది. 1971 డిసెంబరు ముందు రోజులవి. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్లిపోయింది. అయినా అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మాలి. అందుకోసం అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ వయసుడిగిన రాజ్‌పుత్ అనే నౌకను సముద్రంలోకి పంపారు. పెద్ద నౌక మాట్లాడుతున్నట్టు దాని నుంచి వైర్‌లెస్ సందేశాలు పంపించారు. వాటిలో ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యం ఎలా ఉందో అడుగుతున్నట్టు ఒక సొంత తంతి కూడా ఉంది. ఊళ్లోని కాంట్రాక్టర్లకేమో పెద్ద నౌకకు సరిపడేంత మాంసం, కూరగాయలు పురమాయించారు. బజారులో చెవులొగ్గి ఉన్న గూఢచారి ఎవడైనా ఉంటే ఆ కబురు చేరవలసిన చోటికి చేరుతుందని వాళ్ల ఆలోచన.

డిసెంబరు 3 రాత్రి ఘాజీ మన రేవుకు దగ్గర్లోనే మునిగిపోయింది. రాజ్‌పుత్ వదిలిన పేలుడు గుండ్ల వల్ల మునిగిందా, దాని లోపలే ఏదైనా పేలిందా అన్న విషయంలో రెండు దేశాలూ ఈనాటికీ ఒక మాట మీద లేవు. విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించిన ఎత్తు మాత్రం జరిగిందే. ఆ ఎత్తు వేసిన మనిషే తరువాత ఆ సంగతి రాశారు.

నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న ఇది: కుట్ర సిద్ధాంతాలు మామూలుగా నిజమవుతాయా? నా జవాబు ముందే చెప్పేస్తాను. కుట్రలు నిజం. అవి రోజూ జరుగుతూనే ఉంటాయి. నేను 30 ఏళ్లకు పైగా తిన్న అన్నం కుట్రలను పట్టుకున్నందుకు బ్యాంకు నాకు పెట్టిన అన్నమే. అయితే కుట్ర సిద్ధాంతాల పేరుతో మన చెవిన పడే కథల్లో చాలా భాగం అబద్ధం. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో చెప్పడానికే వచ్చాను.

ముందు కుట్ర అన్న మాట. అదేదో చీకటి గదిలో ప్రపంచాన్ని పంచుకునే వ్యవహారమని అనుకోనక్కర్లేదు. చట్టం దృష్టిలో అది చాలా మామూలు మాట. ఇద్దరు, లేదా అంతకంటే ఎక్కువ మంది చట్టవిరుద్ధమైన పని చేయాలని ఒప్పుకుంటే నేరపూరిత కుట్ర. పాత శిక్షాస్మృతిలో 120-ఎ, 120-బి సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 61వ సెక్షన్. మన ఉత్తరాంధ్రవాళ్లకు పార్వతీపురం కుట్ర కేసు అన్న పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. కుట్ర ఉందని అనుకోవడమే పిచ్చితనమని ఎవరైనా అంటే, రోజూ కోర్టుల్లో నడిచే కేసులన్నిటినీ వాళ్లు పక్కన పెట్టినట్టే. కాబట్టి అనుమానించేవాళ్లను ఎగతాళి చేసే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు. అనుమానించడమే నా ఉద్యోగం.

నేను దగ్గరగా చూసిన ఒక కుట్ర గురించి చెబుతాను. ఊరి పేరు, బ్యాంకు పేరు వద్దు. ఉత్తరాంధ్రలో ఒక చిన్న శాఖ. బంగారం తాకట్టు రుణాలే అక్కడ ప్రధాన వ్యాపారం. నగ తెచ్చినవాళ్లు కౌంటరు దగ్గర నిలబడతారు. విలువ కట్టే కంసాలి నగను గీటురాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి, గీత నిలిచిందో చెదిరిందో చూసి, తూకం వేసి చీటీ రాస్తాడు. అధికారి ఆ చీటీ మీద సంతకం పెడతాడు. నగ గుడ్డ సంచిలోకి వెళుతుంది. సంచికి దారం, దారానికి లక్క, లక్క మీద ముద్ర. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, రెండూ ఇద్దరి దగ్గర వేరువేరుగా ఉంటాయి. ఇన్ని కట్టుదిట్టాలు ఉన్న చోట మోసం జరగాలంటే కనీసం ఇద్దరు కలవాలి. ఇక్కడ ముగ్గురు కలిశారు. కంసాలి, రుణాల అధికారి, మనుషులను తీసుకొచ్చే ఒక దళారి. రాగి మీద బంగారు పూత పోసిన గాజులు, గొలుసులు తెచ్చి, ఎప్పుడో ఏదో పనికి బ్యాంకులో కాగితాలు ఇచ్చిన పేదవాళ్ల పేర్ల మీద రుణాలు రాసుకున్నారు. గడువు వచ్చినప్పుడల్లా పాత రుణం తీరినట్టు చూపించి, అదే సంచి మీద కొత్త రుణం రాశారు. రెండేళ్లు దాటి నడిచింది.

ఎలా బయటపడిందో వినండి. ఆ అధికారి సెలవు పెట్టేవాడు కాదు. పండగకు కూడా ఊరెళ్లేవాడు కాదు. అంత కష్టపడే మనిషి లేడని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ ముందు ఏడాది ఆ శాఖను తనిఖీ చేసిన నేను కూడా నా నివేదికలో అతని గురించి మంచి మాటే రాశాను. ఒకరోజు అతని తల్లి పోయింది. కర్మకాండకు ఊరికి వెళ్లక తప్పలేదు. ఆ రోజుల్లో అతని సీట్లో మరొకరు కూర్చున్నారు. గడువు దాటిన రుణం ఒకటి కనిపిస్తే, ఆ కొత్త మనిషి అందరూ చేసే పనే చేశాడు. రుణగ్రహీతకు కబురు పంపాడు. చేపలు అమ్ముకునే ఒకావిడ తలమీద గంప దించకుండానే వచ్చి కౌంటరు ముందు నిలబడింది. "నా మెళ్లో పుస్తెల తాడు తప్ప బంగారమే లేదు బాబూ, నేనెప్పుడు తాకట్టు పెట్టాను?" అంది. ఆ సాయంత్రం సంచి లక్క పగలగొట్టి, గాజును ఆకురాయితో ఒక్కసారి రుద్దితే లోపలి ఎరుపు బయటపడింది.

అందుకే రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది. కీలకమైన పనుల్లో ఉన్న బ్యాంకు ఉద్యోగులు ఏటా కనీసం 10 పనిదినాలు వరుసగా, ముందుగా తెలియకుండా, సెలవు మీద పోవాలి. వాళ్ల ఆరోగ్యం కోసం పెట్టిన నియమం కాదు. కుట్ర తనంతట తాను నిలబడదు, దాన్ని రోజూ ఎవరో ఒకరు కాపలా కాయాలి. ఒక అబద్ధం రాస్తే దాన్ని నిలబెట్టడానికి రేపు ఇంకొకటి రాయాలి, ఎల్లుండి ఇంకొకటి. సత్యం కంప్యూటర్స్ అధిపతి 2009 జనవరి 7న డైరెక్టర్లకు రాసిన ఉత్తరం గుర్తుందా? పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. పులి మీద స్వారీ లాంటి పరిస్థితి అని, దిగితే అది తింటుందని రాశారు. అంత డబ్బూ పలుకుబడీ ఉన్న మనిషికే అబద్ధాన్ని మోయడం అంత కష్టమైంది. 2015లో ఆ కేసులో శిక్ష పడినవాళ్లు పది మంది.

ఈ సంగతి మన పెద్దలు నాకంటే ముందే చెప్పారు. షట్కర్ణో భిద్యతే మంత్రః. ఆరు చెవులకు చేరిన ఆలోచన పగిలిపోతుంది. ఆరు చెవులంటే ముగ్గురు మనుషులు. నా శాఖలోనూ ముగ్గురే.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. ఒక రహస్యాన్ని ఒక మనిషి ఒక ఏడాది పాటు బయటపెట్టకుండా ఉండే అవకాశం నూటికి 99 అనుకుందాం. అది చాలా ఉదారమైన అంచనా. తాగుడు, తగాదా, పశ్చాత్తాపం, పిల్లల పెళ్లి ఖర్చు, పొరపాటున మరిచిపోయిన కాగితం, ఇన్ని ఉంటాయి మనిషికి. ముగ్గురైతే ఏడాది చివర రహస్యం నిలిచే అవకాశం నూటికి 97. పర్వాలేదు. వంద మందైతే నూటికి 37. ఆ వంద మందీ పదేళ్లు నోరు మూసుకోవాలంటే లక్షకు నాలుగు. ఇక వేల మంది శాస్త్రవేత్తలు, వైద్యులు, నర్సులు, డ్రైవర్లు, ముద్రాపకులు యాభై ఏళ్లు కలిసి దాస్తున్నారని చెప్పే కథకు ఎంత అవకాశం మిగులుతుందో మీరే గుణించుకోండి. డేవిడ్ గ్రైమ్స్ అనే భౌతిక శాస్త్రవేత్త 2016లో ఇలాంటి లెక్కనే ఇంకా జాగ్రత్తగా వేశారు. చంద్రుడి మీద దిగడం బూటకమైతే, అప్పట్లో నాసాతో పనిచేసిన దాదాపు 4,11,000 మంది నోరు మూసుకోవాలి. ఆ గుట్టు నాలుగేళ్లలోపే రట్టవుతుందని ఆయన లెక్క తేల్చింది. ఆ లెక్కలోని ఊహల మీద విమర్శలు వచ్చాయి, నా లెక్కలోనూ ఊహలున్నాయి. ప్రాణభయం ఉన్న చోట మనుషులు ఇంకా గట్టిగా నోరు కట్టుకుంటారు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ సంఖ్యను రెట్టింపు చేసినా పదో వంతు చేసినా కథ దిశ మారదు. చేతులు పెరిగిన కొద్దీ, రోజులు పెరిగిన కొద్దీ గుట్టు పలచబడుతుంది. పైగా చంద్రుడి విషయంలో అమెరికా మాటే నమ్మనక్కర్లేదు, అపోలో దిగిన చోటును మన చంద్రయాన్-2 కెమెరా కూడా ఫొటో తీసింది.

2016 నవంబరులో జరిగిన నోట్ల రద్దు గురించి చెప్పాలి. అప్పుడు ప్రతి శాఖ ముందూ తెల్లవారకముందే వరుసలు కట్టిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కొత్త రెండు వేల రూపాయల నోటులో ఒక చిప్పు ఉందని, భూమిలో 120 మీటర్ల లోతున దాచినా ఉపగ్రహం కనిపెట్టేస్తుందని అప్పట్లో ఒక మాట దేశమంతా తిరిగింది. వాట్సాప్‌లోనే కాదు, టీవీలో కూడా చెప్పారు. మా ఆఫీసు కింద ఉన్న శాఖలో పింఛను తీసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన తనకు రెండు వేల నోటు వద్దని, వందల నోట్లే కావాలని బతిమాలాడు. నోటును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని, పచ్చని దారం దగ్గర వేలు పెట్టి, "ఇదిగో బాబూ, ఇక్కడే ఉంది" అన్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని చెప్పాను. ఉపగ్రహానికి కబురు పంపాలంటే దేనికైనా విద్యుత్తు కావాలి, బ్యాటరీ లేని పలచని కాగితం ఆ పని చేయలేదు. ఆయన విన్నాడు. చివరికి వందలే తీసుకున్నాడు.

అదే వారాల్లో ఆ నోట్ల చుట్టూ నిజమైన కుట్రలు జరిగాయి. కమీషన్ పుచ్చుకుని పెద్ద మనుషుల పాత నోట్లు వెనక తలుపు నుంచి మార్చి ఇచ్చిన బ్యాంకు ఉద్యోగులు దేశంలో పలుచోట్ల అరెస్టయ్యారు. ఆ కుట్రలో చిప్పులూ లేవు, ఉపగ్రహాలూ లేవు. ఒక గుమాస్తా, ఒక మేనేజరు, ఒక వ్యాపారి, గుర్తింపు కార్డుల నకళ్ల కట్ట, అంతే. వరుసలో నిలబడ్డ పెద్దాయనకు జరిగిన అన్యాయం అది. ఆయన భయపడింది మాత్రం నోటులోని దారాన్ని చూసి. నాకు బాధ కలిగించేది ఇదే. అబద్ధపు కుట్ర అసలు కుట్రకు అడ్డంగా నిలబడి దాన్ని మన కళ్లకు కనపడనివ్వదు.

ఇక్కడ ఎవరైనా అడగవలసిన ప్రశ్న ఒకటుంది, ముందు వరుసలో ఒక యువకుడు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతూనే ఉన్నాడు, బహుశా అదే కావచ్చు. ఒకప్పుడు పిచ్చి మాటలని కొట్టిపారేసినవి తరువాత నిజమని తేలలేదా? తేలాయి. వోక్స్‌వాగన్ కంపెనీ కోటికి పైగా కార్లలో, పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే పొగను తగ్గించే సాఫ్ట్‌వేరు పెట్టింది. 2015లో బయటపడింది. పొగాకు కంపెనీలు 1953 చివర్లో న్యూయార్క్‌లో సమావేశమై, సిగరెట్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం మీద సందేహాలు పుట్టించే పని కలిసి మొదలుపెట్టాయి. వాళ్లు ప్రజలను మోసగించారని 2006లో అమెరికా కోర్టు తీర్పు చెప్పింది. ఇవన్నీ నిజాలే.

కానీ ఈ జాబితాను చదివినప్పుడు నా కళ్లు ఎప్పుడూ ఒక్క చోటికే పోతాయి. ఎవరు పట్టుకున్నారు? వోక్స్‌వాగన్‌ను పట్టుకున్నది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలోని ఒక చిన్న బృందం. పొగను కొలిచే పరికరాలను కారు వెనక భాగంలో ఎక్కించి, రోడ్డు మీద వేల మైళ్లు నడిపారు. ఒక కారు వదిలిన నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 15 నుంచి 35 రెట్లు ఉన్నాయి. వాళ్లు కుట్రను వెతకడానికి బయలుదేరలేదు. కొలిచారు, అంకె కుదరలేదు, మళ్లీ కొలిచారు. నా అనుభవంలోనూ ఇంతే. నిజమైన కుట్ర బయటపడినప్పుడు దానితో పాటు ఒక కాగితమో, ఒక అంకెనో, ఒక పేరో వస్తుంది. ఏళ్లు గడుస్తున్న కొద్దీ ఆ కాగితాలు పెరుగుతాయి. అబద్ధపు కథలో ఏళ్లు గడుస్తున్న కొద్దీ కుట్రదారులు పెరుగుతారు, కాగితాలు పెరగవు.

పట్టుబడని కుట్రల మాటేమిటి అంటారా? తప్పకుండా ఉంటాయి. చిన్నవై, కొద్దిమంది చేసి, పని ముగించుకుని చెదిరిపోయినవి ఎన్నో ఉండవచ్చు. అయితే అవి మన ఫోనులోకి వచ్చినవి కావు. అంత శక్తిమంతులు దాచిన రహస్యం ప్రతి ఇంట్లో, ప్రతి పొద్దునా, పువ్వుల బొమ్మలతో శుభోదయం చెప్పే సందేశాల మధ్య కనిపిస్తుందంటే, ఆ శక్తిమంతులు దాన్ని ఎక్కడ దాచినట్టు?

ఒక్క ఉదాహరణ మాత్రం నా లెక్కకు ఎదురు తిరుగుతుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్ల పాటు, ప్రభుత్వ ఆరోగ్య శాఖ దాదాపు 600 మంది నల్లజాతి పేదలను పరిశీలనలో పెట్టింది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ ఉంది. 1947 నాటికి పెన్సిలిన్ ఖాయమైన మందుగా అందుబాటులోకి వచ్చింది. అయినా వాళ్లకు ఇవ్వలేదు, జబ్బు ఏం చేస్తుందో చూడటానికి. నలభై ఏళ్లు ఆ రహస్యం ఎలా నిలిచింది? ఆ సంగతి తెలుసుకున్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. అది రహస్యం కాదు. ఆ పరిశీలన ఫలితాలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. చదివిన వైద్యులు చదివి పక్కన పెట్టారు. పీటర్ బక్స్‌టన్ అనే ఉద్యోగి 1966 నుంచి పైవాళ్లకు రాస్తూ వచ్చాడు, ఫలితం లేక చివరికి పత్రికల వాళ్లకు చెప్పాడు. 1972 జూలైలో వార్త వచ్చింది, కొన్ని నెలల్లోనే అది ఆగిపోయింది. అక్కడ కుట్రను కాపాడింది గోప్యత కాదు. పోతున్నది ఎవరి ప్రాణం అన్నది ఎవరికీ పట్టకపోవడం.

ఇది చెప్పాక మన ఊరి గురించి మాట్లాడకుండా ఉండలేను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో, అక్కడి ప్లాస్టిక్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్ల మీదికి కమ్ముకొచ్చింది. పన్నెండు మంది పోయారు. వీధిలో పడిపోయిన మనుషులు, తాడుకు కట్టేసి ఉండగానే చచ్చిపోయిన పశువులు, ఆ దృశ్యాలు ఈ గదిలో ఉన్నవాళ్లలో ఎవరూ మరిచిపోయి ఉండరు. ఆ రాత్రే మళ్లీ లీకయిందన్న మాట పాకి, జనం చంటిపిల్లలను ఎత్తుకుని రోడ్డెక్కారు. తరువాత వారాల్లో నాకు ఎన్ని కథలు చెప్పారో లెక్క లేదు. విదేశీ శక్తులు, భూముల కోసం కావాలని వదిలారు, ఇలా ఎన్నో. చెప్పినవాళ్ల మీద నాకు కోపం లేదు, కళ్ల ముందు పిల్లలు పడిపోయినవాళ్ల మాటలు అవి. కానీ ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ నివేదికలో ఏముంది? ట్యాంకులో వేడిని అడుగున మాత్రమే కొలిచారు, పైన ఎంత వేడెక్కిందో చూసే ఏర్పాటు లేదు. స్టైరీన్ గట్టిపడకుండా కలపవలసిన రసాయనం చాలినంత నిల్వ లేదు. సైరన్ ఉండి కూడా మోగించలేదు. అది చదువుతుంటే నాకు సంచి మీది లక్క ముద్ర గుర్తుకొచ్చింది. చూడవలసిన చోట చూడలేదు, అంతే. విదేశీ శక్తుల కథ ఎవరినీ ఏమీ చేయమని అడగదు. అడుగున ఉన్న ఒక్క థర్మామీటరు మాత్రం మన పారిశ్రామిక వాడలోని ప్రతి ట్యాంకు గురించీ ఒక ప్రశ్న అడగమంటుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆ బంగారం కేసు బయటపడిన తరువాత విచారణ నాకే అప్పగించారు. ముందు ఏడాది మంచి మాట రాసినవాణ్ని నేనే కాబట్టి సిగ్గుతో రగిలిపోయాను. ముగ్గురితో ఇంత జరగదని, ప్రాంతీయ కార్యాలయం దాకా ఒకే ముఠా ఉండి ఉంటుందని నమ్మడం మొదలుపెట్టాను. ఏడాది ముందే ఆ శాఖను వివరణ అడుగుతూ ప్రాంతీయ కార్యాలయం రాసిన ఉత్తరం ఒకటి ఫైలులో దొరికింది. వాళ్లు జాగ్రత్తగానే ఉన్నారనడానికి అది సాక్ష్యం. నేను దాని అంచున పెన్సిలుతో ఏం రాశానో తెలుసా? "కప్పిపుచ్చడానికి రాసిన ఉత్తరం" అని. సాక్ష్యం లేకపోతే దాచారన్నాను, ఎదురు సాక్ష్యం దొరికితే అల్లారన్నాను. ఇక నన్ను ఆపగలిగేది ఏముంటుంది? ఆ శాఖలో సంచులు మోసే అటెండరు కొత్తగా స్లాబు ఇల్లు వేసుకున్నాడు. నా నివేదికలో అతని మీద రెండు వాక్యాలు రాశాను. అతన్ని సస్పెండ్ చేశారు. ఆ డబ్బు భార్య పుట్టింటివాళ్లు పొలం అమ్మి ఇచ్చిందని తేలడానికి 14 నెలలు పట్టింది. ఈలోగా అసలు దళారి దుకాణం అమ్ముకుని ఊరు దాటాడు, మేమంతా పెద్ద ముఠా కోసం వెతుకుతూ ఉండగా. అటెండరు ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాను. అతను మంచినీళ్లిచ్చాడు, మాట్లాడలేదు. ఆ ఇంటి గోడలకు సున్నం వేయకుండానే ఉండిపోయింది, ఆ 14 నెలలూ జీతం సగమే వచ్చింది కాబట్టి.

అందుకే నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతను నేను ఎక్కడా వాడను. ఆ అటెండరు చుట్టూ ఉన్న పొగంతా నేను పెట్టిందే. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారుతో మహారాష్ట్రలోని రైన్‌పాడాలో ఐదుగురిని కొట్టి చంపిన జనం కూడా పొగను చూసే నిప్పు ఉందనుకున్నారు.

సమయం అయిపోయిందని చెబుతున్నారు. ఒక చీటీ వచ్చింది, ఎవరో అమ్మాయి రాశారు. "మా ఇంట్లో పెద్దవాళ్లు ఇలాంటివి నమ్ముతారు, వాళ్లతో ఎలా మాట్లాడాలి?" అని. నాకు పద్ధతి తెలియదమ్మా. మా అక్క సంగతి చెబుతాను.

అక్క గాజువాకలో ఉంటుంది. బావగారు కరోనా రెండో విడతలో ఒక ఆసుపత్రిలో పోయారు. ఎందుకు పోయారో ఎవరూ చెప్పలేదు, మూట కట్టి ఇచ్చారు. కొన్నాళ్లకు అక్క ఫోనులో ఒక సందేశం వచ్చింది. జనాభా తగ్గించడానికి ఆసుపత్రులు, టీకాలు అన్నీ కలిపి నడుపుతున్న పథకమని. నేను మొదట చాలా వాదించాను. టీకాల మీద భయం పుట్టించిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడి వ్యాసం గురించి చెప్పాను, పన్నెండు మంది పిల్లలతో రాసిన ఆ వ్యాసాన్ని 2010లో పత్రికే వెనక్కి తీసుకుందని, టీకా కంపెనీల మీద దావా వేస్తున్న న్యాయవాది నుంచి అతను డబ్బు తీసుకున్నాడని, కుట్ర అంటూ ఉంటే అక్కడే ఉందని. అక్క అన్నీ వింది. "మరి మీ బావను ఏం చేశారో చెప్పరా" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు నాకు వచ్చిన పనే చేశాను. రోగి బంధువులు రాసి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లో ఉంది. రాసి అడిగాను. నాలుగుసార్లు తిరిగితే ఇచ్చారు. పదకొండు పేజీలు. అక్క పక్కన కూర్చుని ప్రతి వరుసా చదివి తెలుగులో చెప్పాను. గంట గంటకూ ఆక్సిజన్ ఎంత ఉందో, ఏ ఇంజెక్షన్ ఎప్పుడు ఇచ్చారో. చివరి రాత్రి ఒంటి గంట నుంచి మూడున్నర దాకా ఏమీ రాసి లేదు. అక్క ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇక్కడ ఏం జరిగింది?" అంది. ఆ ఒక్క ప్రశ్నతో మళ్లీ ఉత్తరం రాశాం. చాలా నెలలకు జవాబు వచ్చింది. ఆ రాత్రి ఆ వార్డులో 42 మంది రోగులకు ఇద్దరు నర్సులు ఉన్నారు, వాళ్లలో ఒకరు జ్వరంతో మధ్యలో వెళ్లిపోయారు.

అక్క ఆ కాగితాన్ని బీరువాలో, బావగారి కళ్లజోడు పెట్టె కింద పెట్టుకుంది.